తాగుడు మానాలనుకునే సహోదరుణ్ణి ఎక్కడికి పంపుదాం?



డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మన సంఘాల్లో ఏటా జరిగే ఒక సంగతి మీకు తెలిసిందే. పన్నెండు కొట్టకముందే ముగ్గురో నలుగురో పురుషులు ముందుకు వచ్చి మోకరిస్తారు. “అయ్యగారూ, ఈ రాత్రి నుంచి మందు ముట్టను, ప్రార్థన చేయండి” అంటారు. స్త్రీలు కూర్చున్న వైపు ఒక భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తూ ఉంటుంది. మనం తలమీద చేతులుంచి ప్రార్థిస్తాం. సంఘమంతా ఆమేన్ అంటుంది. సంక్రాంతి నాటికి వారిలో ఇద్దరు మళ్లీ బెల్టు షాపు దగ్గర కనబడతారు. మూడో ఆయన కనబడడు. అంటే మానేశాడని కాదు, మన కంట పడకుండా తాగడం నేర్చుకున్నాడు.

ఆ రాత్రి ఆయన అబద్ధమాడాడని నేను అనుకోను. పాతికేళ్లు దాటిన నా సేవలో అలా మోకరించినవారిలో మోసం చేద్దామని వచ్చినవారు నాకు గుర్తులేరు. తీర్మానం నిజమే. అయితే జనవరి 2వ తేదీ సాయంత్రం ఆరు గంటలకు చేతులు వణుకుతూ, పాత స్నేహితుడు బండి ఆపి “రారా” అని పిలిచినప్పుడు ఆ మనిషి ఎక్కడికి వెళ్లాలో మనం చెప్పలేదు. “ప్రార్థన చేసుకో తమ్ముడూ” అన్నాం. అంతటితో మన పని అయిపోయిందనుకున్నాం.

ఒక తప్పు ఒప్పుకొని ముందుకు వెళతాను. చాలా ఏళ్ల క్రితం మా సంఘంలో ఒక సహోదరుడు తాగుడు మానేశాడు. మూడు నెలలైంది. నేను సంతోషం పట్టలేక ఉజ్జీవ కూటాల్లో ఆయనను స్టేజి ఎక్కించి సాక్ష్యం చెప్పించాను. జనం చప్పట్లు కొట్టారు. పక్క ఊరి సంఘాలవాళ్లు కూడా పిలిచారు. ఆరో నెలలో ఒక పెళ్లిలో ఆయన మళ్లీ తాగాడు. ఆ సంగతి నాకు చెప్పలేకపోయాడు. అంతమంది ముందు సాక్ష్యం చెప్పినవాడు ఏ ముఖంతో వచ్చి చెబుతాడు? ఆరాధనకు రావడం మానేశాడు. ఒకరోజు ఆయన భార్య వచ్చి, “అయ్యగారూ, మీరు ఇంటికి వస్తారని భయపడి పొద్దున్నే బయటికి పోతున్నాడు” అంది. కాపరి వస్తాడని ఒక గొఱ్ఱె పారిపోయే స్థితికి నేనే తెచ్చానని అప్పుడు అర్థమైంది.

రెండేళ్ల తరువాత ఆయన మళ్లీ నిలదొక్కుకున్నాడు. నా వల్ల కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం డాక్టరు ఒక చీటీ మీద చిరునామా రాసి ఇచ్చాడట. గురువారం సాయంత్రం ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగు జరిగే చోటు. మా చర్చి నుంచి ఆటోలో పది నిమిషాలు. అన్నేళ్లుగా అది అక్కడే ఉంది, నాకు తెలియదు.

ఏఏ అని పిలిచే ఈ సహవాసం పుట్టుకలో పాస్టర్లు తెలుసుకోవలసిన ముక్క ఒకటుంది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ స్టాక్ వ్యాపారి పని మీద అమెరికాలోని ఆక్రన్ పట్టణానికి వచ్చాడు. తాగుడు మాని అప్పటికి ఐదు నెలలు. పని చెడింది. శనివారం సాయంత్రం హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక వైపు బారు, అందులో నుంచి నవ్వులు. మరో వైపు టెలిఫోను, దాని పక్కన ఊళ్లోని చర్చిల జాబితా. ఆయన ఫోను వైపు వెళ్లి, ఆ జాబితాలోని వాల్టర్ టంక్స్ అనే పాస్టరుకు ఫోను చేశాడు. “నేను తాగుబోతును, నాలాంటి ఇంకొక తాగుబోతుతో మాట్లాడాలి” అన్నది ఆయన అడిగిన దాని సారాంశం. ఆ పాస్టరు కసురుకోలేదు, అక్కడే సువార్త ప్రసంగమూ మొదలుపెట్టలేదు. కొన్ని పేర్లు, ఫోను నంబర్లు ఇచ్చాడు. వాటి ద్వారా మర్నాడు బిల్‌కు డాక్టర్ బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు పరిచయమయ్యాడు. పావుగంట కంటే కూర్చోనని షరతు పెట్టి వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. తనలాగే తాగినవాడు తనతో మాట్లాడడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ తరువాత నెల తిరగకముందే డాక్టర్ బాబ్ ఒక వైద్యుల సదస్సుకు వెళ్లి మళ్లీ తాగాడు. తిరిగి వచ్చాక జూన్ 10న చివరిసారి తాగి మానేశాడు. ఏఏ తన పుట్టినరోజుగా ఆ తేదీనే లెక్కపెడుతుంది. అంటే దాన్ని స్థాపించిన ఇద్దరిలో ఒకరు కలిసిన కొన్ని వారాలకే పడిపోయాడు. మేడ మీద నుంచి దించేసినట్టు ఆయనను ఎవరూ దించలేదు. మా సహోదరునికి నేను చేయనిది అదే.

మన దేశానికి ఈ సహవాసం 1957లో వచ్చింది. లోపల ఏం జరుగుతుందని చాలామంది అడుగుతారు. ఏమీ జరగదు అనిపిస్తుంది, అదే విచిత్రం. ఆ సహోదరుడే నన్ను ఒకసారి ఓపెన్ మీటింగుకు తీసుకువెళ్లాడు. ప్లాస్టిక్ కుర్చీలు, టీ, బిస్కెట్లు. ఒక్కొక్కరు లేచి పేరు మాత్రం చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పి, ఐదారు నిమిషాలు తన సంగతి మాట్లాడతారు. ఎవరూ మధ్యలో సలహా ఇవ్వరు. ఒకాయన పదమూడేళ్లుగా తాగలేదన్నాడు. ఆయన పక్కన కూర్చున్న కుర్రవాడు నిన్న రాత్రి తాగానన్నాడు. ఇద్దరికీ ఒకే రకంగా చప్పట్లు కొట్టారు. నిన్న రాత్రి తాగానని మన ఆరాధనలో ఎవరైనా లేచి చెప్పగలరా అని ఇంటికి వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

సభ్యత్వానికి ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఖర్చుకు వాళ్లే సంచి తిప్పుకొని తలా కొంత వేస్తారు, బయటి విరాళాలు తీసుకోరు. జీవితాంతం మానేస్తానని ఒట్టు పెట్టించరు, ఈ ఒక్కరోజు తాగకుండా ఉందామంటారు. కొంతకాలంగా నిలబడిన ఒకాయన కొత్తవానికి తోడుగా ఉంటాడు. స్పాన్సర్ అంటారు. జనవరి 2 సాయంత్రం ఆరు గంటలకు ఫోను చేయాల్సింది ఆయనకే. పాస్టరుకు కాదు. ఆ మాట మొదట్లో నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

అయితే గ్రూపు ఆసుపత్రి కాదు. ఈ విషయం దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఇక్కడ మన అజ్ఞానం ప్రాణాలు తీయగలదు.

రోజూ ఎక్కువగా తాగేవారు, పొద్దున లేవగానే కాస్త పడితే గాని చేతుల వణుకు ఆగనివారు, ఒక్కసారిగా ఇంట్లో మానేయకూడదు. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, గదిలో లేనివాళ్లతో మాట్లాడతారు, పడక మీద నుంచి లేచి పరుగెత్తుతారు. ఒళ్లంతా చెమటలు, జ్వరం, గుండె దడ. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే మనిషి చనిపోవచ్చు. మన పల్లెల్లో దీన్ని చూసి గాలి సోకిందంటారు, దయ్యమంటారు, పాస్టరుగారిని పిలుస్తారు. ఆయన వచ్చి మూడు రోజుల ఉపవాస ప్రార్థన అంటారు. ఆ మూడు రోజులే ఆ మనిషికి అత్యంత ప్రమాదకరమైన రోజులు. దైవసేవకులైన నా తోటివారికి నా మనవి: 108కి ఫోను చేయండి. బండి వచ్చేదాకా ప్రార్థన చేయండి, బండిలో కూడా చేయండి. అంతేగాని బండి వద్దనకండి. ఆసుపత్రిలో మందులతో, బి1 విటమిన్‌తో ఆ కొద్ది రోజులు క్షేమంగా దాటిస్తారు.

తెలియకుండా కూరలో కలిపి పెట్టమని అమ్మే మాత్రలు, పొడుల సంగతి కూడా చెప్పాలి. మద్యం మానడానికి డైసల్ఫిరామ్ అనే నిజమైన మందే ఉంది. అది వేసుకున్నవాడు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి కుప్పకూలవచ్చు. అందుకే రోగికి అన్నీ చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే డాక్టరు ఇస్తాడు. భార్య రహస్యంగా సాంబారులో కలిపితే అది ప్రేమతో చేసిన పనే అయినా ప్రాణం మీదికి రావచ్చు. అలాగే రాత్రిపూట మనుషులను పంపి బలవంతంగా ఎత్తుకెళ్లి, గొలుసులు వేసి “బాగుచేసే” చోట్లకు డబ్బు కట్టవద్దు. మనిషిని గొలుసులతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. మీద బైబిలు వాక్యం రాసిన బోర్డు ఉన్నా చట్టం చట్టమే.

ఇక గ్రూపును ఎలా కనుక్కోవాలి? ముందు మీ దగ్గరి ప్రభుత్వ బోధనాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. హైదరాబాదు వారికి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖవారికి అక్కడి ప్రభుత్వ మానసిక ఆసుపత్రి తెలిసినవే. అక్కడి డాక్టర్లకు, సోషల్ వర్కర్లకు ఊళ్లో ఏ గ్రూపు ఎప్పుడు కూడుతుందో సాధారణంగా తెలుస్తుంది. మద్యం, మత్తు పదార్థాల సమస్యకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను నంబరు 14446. మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సహాయంతో నడిచే వ్యసన విముక్తి కేంద్రాలు జిల్లాల్లో ఉన్నాయి. ఏఏకు మన దేశంలో సొంత వెబ్‌సైటు ఉంది, ఊరిని బట్టి మీటింగులు వెతకవచ్చు. అమెరికాలో, కెనడాలో ఉన్న మన పిల్లలకైతే మీటింగ్ గైడ్ అనే యాప్ ఉంది. అక్కడి కొన్ని చర్చిల్లో సెలబ్రేట్ రికవరీ అనే క్రైస్తవ కార్యక్రమం కూడా నడుస్తుంది, కాలిఫోర్నియాలోని సాడిల్‌బ్యాక్ సంఘంలో 1991లో మొదలైంది.

జాబితాలో చూసి నేరుగా వెళ్లకండి, ముందు ఫోను చేయండి. గదులు మారుతుంటాయి, పాత చిరునామాలు అలాగే ఉండిపోతాయి. ఫోనులో మూడు సంగతులు అడగండి. ఏ భాషలో మాట్లాడతారు? కుటుంబసభ్యులు కూర్చోగల ఓపెన్ మీటింగా, తాగుడు సమస్య ఉన్నవారికే పరిమితమైన క్లోజ్డ్ మీటింగా? కొత్తవాళ్లను గేటు దగ్గర ఎవరైనా కలుసుకుంటారా? ఈ మూడోది చిన్నదిగా కనబడుతుంది గాని, చాలామంది గేటు దాకా వచ్చి వెనక్కి పోయేది అది లేకనే. అందుకే మొదటిసారి సంఘంలో నమ్మకమైన ఒకరు వెంట వెళ్లండి, బయట చెట్టు కింద కూర్చోండి. మొదటి మీటింగు నచ్చలేదంటాడు. నచ్చదు. ఐదారుసార్లు వెళ్లాక, వేరే గ్రూపు కూడా చూశాక అప్పుడు తేల్చుకోమనండి.

గ్రూపు పక్క పట్టణంలోనే ఉంటే బస్సు ఛార్జీ సంఘం ఇవ్వవచ్చు. మనం కన్వెన్షన్ టెంట్లకు పెట్టే ఖర్చు ముందు అది ఎంత? ఫోనులో కూడే ఆన్‌లైన్ మీటింగులు కూడా ఉన్నాయి, దూరం ఊళ్లవారికి, బయటపడడానికి భయపడే స్త్రీలకు అవి ఉపయోగం. స్త్రీలూ తాగుతారు. మన సంఘాల్లోనూ. వాళ్లకు ఉన్న సిగ్గు పురుషులకున్న దానికి రెండింతలు.

“అది క్రైస్తవ సంస్థ కాదు గదా అయ్యగారూ, అక్కడ ఎవరి దేవుణ్ణి వారు తలచుకోమంటారట” అని ఒక సంఘ పెద్ద నన్ను అడిగారు. నిజమే, అది క్రైస్తవ సంస్థ కాదు. హిందువులు, ముస్లిములు, ఏ దేవుణ్ణీ నమ్మనివారు మన సహోదరుని పక్కన కూర్చుంటారు. దేవుణ్ణి ఎవరి గ్రహింపు మేరకు వారు తలచుకుంటారు. కానీ దాని వేర్లు ఎక్కడివో చూడండి. బిల్‌కు, బాబ్‌కు మొదట దారి చూపిన ఆక్స్‌ఫర్డ్ గ్రూపు ఒక లూథరన్ పాస్టరు నడిపినది. ఆక్రన్‌లోని తొలి సభ్యులు ఎక్కువగా చదివినవి యాకోబు పత్రిక, కొండమీది ప్రసంగం, 1 కొరింథీయులకు 13వ అధ్యాయం. తన తప్పులను మరొక మనిషి ముందు ఒప్పుకోవాలన్న ఐదో మెట్టు యాకోబు 5లో మనం చదివేదే. నష్టపెట్టినవారికి తిరిగి చెల్లించాలన్న తొమ్మిదో మెట్టు జక్కయ్య ఇంట్లో జరిగినదే. గ్రూపు రక్షణ ఇవ్వదు, ఇస్తానని ఎన్నడూ చెప్పలేదు కూడా. ఆదివారం ఆరాధన, గురువారం మీటింగు. ఒకటి రెండోదాని స్థానంలోకి రాదు. మంచి సమరయుడు గాయపడినవాణ్ణి సత్రానికి తీసుకువెళ్లి అప్పగించాడని లూకా 10లో ఉంది. ఆ సత్రపువాని మతమేమిటో ప్రభువు చెప్పలేదు.

తాగేవారి ఇంటివాళ్లకు వేరే సహవాసం ఉంది, అల్ అనాన్ అంటారు. బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో మొదలుపెట్టింది. తాగుబోతు ఇంటి పిల్లలకు అలటీన్ ఉంది. మన స్త్రీల కూటాల్లో ఈ భార్యలు ఎన్నో ఏళ్లుగా ఒకే ప్రార్థన మనవి ఇస్తూ ఉంటారు. చివరికి “నా విశ్వాసమే చాలడం లేదేమో” అనుకుంటారు. భర్త మళ్లీ తాగడం ఆమె ప్రార్థనలోని లోపం కాదని ఎవరైనా అమ్మగారు ఆమె చేయి పట్టుకొని చెప్పాలి. కొడుతుంటే ఆమెను, పిల్లలను ముందు సురక్షితమైన చోటికి చేర్చాలి. ఓర్చుకో అని చెప్పడం అప్పటికి ఉపదేశం కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించిన చరిత్ర మనకు గర్వకారణం. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో ఆ నిషేధం సడలింది. దుకాణాల మీద పోరాటం వేరు, బానిసైపోయినవానికి దారి చూపడం వేరు. రెండోది ఎంత తక్కువ జరుగుతోందో 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే చెబుతుంది. దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందట. ఈ సమస్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

మీ చర్చి ఆవరణలో వారంలో ఆరు రోజులు ఖాళీగా ఉండే గది ఉంటే గ్రూపుకు ఇవ్వండి. ఉచితంగా ఇస్తామంటే వారు ఒప్పుకోరు, చిన్న అద్దె తీసుకోండి. అది వారి నియమం. గోడకు మీ బ్యానరు కట్టవద్దు, ప్రారంభోత్సవానికి వెళ్లి ప్రసంగించవద్దు, ఎవరెవరు వస్తున్నారో చూడడానికి సంఘ పెద్దను కిటికీ దగ్గర కూర్చోబెట్టవద్దు. అక్కడ విన్నది అక్కడే ఉండాలి. ప్రభువు బల్లలో ఇప్పటికీ ద్రాక్షసారా వాడే సంఘాలు ఒక గిన్నెలో ద్రాక్షరసం పెట్టడం మంచిది, చాలా సంఘాలు ఎప్పటి నుంచో రసమే వాడుతున్నాయి.

ఇప్పుడు మా చర్చి నోటీసు బోర్డు మీద, ఆరాధన సమయాల కింద, ఒక చిన్న కాగితం ఉంటుంది. గురువారం, సాయంత్రం ఏడు గంటలు, చిరునామా, ఒక ఫోను నంబరు. మరుగుదొడ్ల వైపు గోడకు కూడా అదే కాగితం అంటించాం, ఎందుకంటే బోర్డు ముందు నిలబడి చదవడానికి సిగ్గుపడేవాళ్లు ఉంటారని ఆ సహోదరుడే చెప్పాడు. మొన్న ఆయనను, ఇన్నేళ్లయింది గదా, ఈసారి కూటాల్లో నాలుగు మాటలు చెబుతావా అని అడిగాను. నేనింకా మారలేదన్నమాట. “వద్దులే అయ్యగారూ. 31వ తేదీ రాత్రి ముందుకొచ్చినవాళ్ల ఫోను నంబర్లు మాత్రం తీసుకోండి. అడిగి, ఒప్పుకుంటేనే నాకివ్వండి. రెండో తేదీ నేను ఫోను చేస్తాను” అన్నాడు.